సార్వజనిక శౌచాలయాలలో బాక్టీరియా వ్యాప్తి: నూజివీడు మామిడి సీమ నేపథ్యం

1. ఉపోద్ఘాతం

పూర్వం కృష్ణా జిల్లాలో ఉండి, 2022 ఏప్రిల్ 4 నుండి ఏలూరు జిల్లాలో చేరిన నూజివీడు ప్రాంతం చిన్నరసం, పెద్దరసం, బంగినపల్లి మామిడికి ప్రసిద్ధం. వేసవి కోతల కాలంలో కూలీలు, కాయలను వేరుచేసే స్త్రీలు, లారీ సిబ్బంది, వ్యాపారులు రోజంతా ఇంటికి దూరంగా గడుపుతారు. వీరికి మార్కెట్టులోనో బస్టాండులోనో ఉండే సార్వజనిక శౌచాలయమే ఆధారం. రసం పండును కత్తితో కోయక, చేతితో పిసికి, ముచ్చిక తీసి, నేరుగా నోటితో పీల్చుకోవడం తెలుగువారి అలవాటు. ఇక్కడ చేతికీ నోటికీ మధ్య వేరే సాధనమేదీ లేదు. శౌచాలయాలలో బాక్టీరియా ఎలా వ్యాపిస్తుందో, దానిని ఎలా నివారించవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఉపరితలాలు - సూక్ష్మజీవజాలం

అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయ పరిశోధకులు 12 సార్వజనిక శౌచాలయాలలో పదేసి ఉపరితలాలను పరిశీలించి, 2011లో ఫలితాలను ప్రకటించారు. డి.ఎన్.ఎ. ఆధారంగా 19 బాక్టీరియా విభాగాలను గుర్తించారు. చేయి తగిలే తలుపు పిడులపై చర్మానికి చెందినవి, మలవిసర్జన పీఠంపై పేగులకు చెందినవి, నేలపై మట్టికి చెందినవి అధికంగా కనిపించాయి. అయితే డి.ఎన్.ఎ. కనిపించినంత మాత్రాన ఆ జీవి సజీవంగా ఉన్నట్లు కాదు. కనిపించినవన్నీ వ్యాధికారకాలూ కావు.

మన శౌచాలయాలలో నీటి వాడకం ఎక్కువ. అందువల్ల పీఠం కంటే చెంబు పిడి, కుళాయి, తలుపు గడియ ముఖ్యమైనవి. చేతులు కడగడానికి ముందే వాటిని తాకవలసి వస్తుంది. పేగు బాక్టీరియాలో అనేకం పొడి ఉపరితలంపై త్వరగా నశిస్తాయి, తడిలో ఎక్కువ కాలం నిలుస్తాయి. రక్తవిరేచనాలకు కారణమైన షిగెల్లా 10 నుండి 100 కణాలు చేరినా వ్యాధి కలిగించగలదు.

3. నీటి నుండి ఫలానికి

1999 డిసెంబరులో అమెరికాలోని 13 రాష్ట్రాలలో 78 మందికి సోకిన సాల్మొనెల్లా వ్యాధికి బ్రెజిల్‌లోని ఒక తోట మామిడిపండ్లు కారణమని తేలింది. పండుఈగ నివారణకు కాయలను వేడినీటిలో ముంచి, తరువాత చన్నీటిలో చల్లార్చారు. చల్లబడేటప్పుడు కాయ కలుషిత జలాన్ని లోపలికి పీల్చుకొని ఉంటుందని పరిశోధకులు భావించారు. వేడినీటి ప్రక్రియ లేకుండా ఐరోపాకు వెళ్ళిన అదే తోట కాయల వల్ల అక్కడ వ్యాధి వ్యాపించినట్లు వెల్లడి కాలేదు. అక్కడి దోషం శౌచాలయానిది కాకపోయినా, ఈ ఉదంతం ఒక పాఠం చెబుతుంది. లోపలికి చేరిన బాక్టీరియాను పైపైన కడిగి తొలగించలేము. కాయలు కడిగే నీటినీ, వాటిని తాకే చేతులనూ ముందే శుభ్రంగా ఉంచుకోవాలి.

4. నివారణక్రమం

మురికి ఉన్న చోట చల్లిన బ్లీచింగ్ పౌడరులోని క్లోరిన్ ఆ మురికితోనే చర్య జరిపి వ్యయమైపోతుంది. కనుక ముందుగా సబ్బునీటితో రుద్ది కడిగి, ఆ తరువాత క్లోరిన్ ద్రావణం పూసి, కొన్ని నిమిషాలు ఉంచాలి. మూత తెరచి ఉంచిన బ్లీచింగ్ పౌడరు బలం తగ్గుతుంది. పిడులు, గడియలు, కుళాయిలను నేలతోపాటు కాక, వేరే గుడ్డతో తుడవాలి. చేతులను సబ్బుతో కనీసం 20 సెకన్లు రుద్ది కడిగి, ఆరబెట్టుకోవాలి. తడిచేతి నుండి బాక్టీరియా సులభంగా బదిలీ అవుతుంది. అందరూ వాడే తువ్వాలు ప్రయోజనాన్ని చెడగొడుతుంది.

5. ముగింపు

శౌచాలయం అపరిశుభ్రంగా ఉంటే దానిని వాడవలసి వస్తుందనే భయంతో స్త్రీలు నీరు తాగడమే తగ్గిస్తారు. మండువేసవిలో అది వడదెబ్బకూ మూత్రకోశ వ్యాధులకూ దారితీస్తుంది. కనుక ఇది కేవలం బాక్టీరియా సమస్య కాదు, శ్రమించేవారి ఆరోగ్య సమస్య. భవనం కట్టడంతో బాధ్యత తీరదు. నిరంతరం నీరు, సబ్బు, చేతితొడుగులతో పనిచేసే శుభ్రతాకార్మికులు, వారికి సక్రమ వేతనం ఉన్నప్పుడే శౌచాలయం రక్షణనిస్తుంది. మామిడి పంట రుతువు కొద్ది నెలలే కనుక, ఈ ఏర్పాట్లు కోతలకు ముందే పూర్తికావాలి.