మూడక్షరాల దాగుడుమూతలు

జీమ్, నూన్, నూన్. అరబీలో ఈ మూడక్షరాల ధాతువుకు మూలార్థం ఒక్కటే: కప్పేయడం, కనబడకుండా చేయడం. ఇక ఇందులోంచి ఏమేం బయటికొస్తాయో చూడండి!

మీకు తెలుసా? జిన్ అంటే అసలర్థం భూతమూ కాదు, దెయ్యమూ కాదు. కంటికి కనబడనిది, అంతే. ఖురాన్‌లో 72వ అధ్యాయం పేరే 'అల్ జిన్'. కనబడనివాళ్ల పేరు మీద 28 ఆయతులు!

మీకు తెలుసా? సీసాలో అమ్మే జిన్ మాత్రం ఈ ఇంటిది కాదు. జూనిపర్ కాయల పేరు అరిగి అలా అయింది. అది పట్టిస్తే కనబడనివి కనబడతాయంటారా? ఆ సంగతి తాగినవాళ్లనే అడగండి.

మీకు తెలుసా? జన్నత్ అంటే ముందు తోట, ఆ తర్వాతే స్వర్గం. చెట్లు గుబురుగా కమ్ముకుని నేలను దాచేస్తే అదే జన్నత్. ఎడారిలో పుట్టిన భాష కదా, నీడ దొరికితే స్వర్గం దొరికినట్టే!

గుంటూరు వాళ్లూ, మీకు తెలుసా? మీ జిన్నా టవర్ పేరులోని జిన్నాకు జిన్‌తోగానీ జన్నత్‌తోగానీ చుట్టరికం లేదు. అది 'సన్నగా ఉన్నవాడు' అనే అర్థమున్న గుజరాతీ మాట. బక్కపేరుకు అంత బరువైన టవర్!

మజ్నూ అసలు పేరు మజ్నూ కాదని మీకు తెలుసా? ఖైస్. లైలా కోసం పిచ్చివాడై తిరిగితే 'మజ్నూన్' అన్నారు, అంటే జిన్ పట్టినవాడు. మన ఊళ్లో అయితే గాలి సోకిందనేవాళ్లు. నిజామీ ఈ కథను పారసీకంలో 1188లో కావ్యం చేశాడు. తెలుగులో మాత్రం ఆ గాలి ఒకే ఇంటికి సోకింది: 1949లో అక్కినేని 'లైలా మజ్ను', 1987లో నాగార్జున 'మజ్ను', 2019లో అఖిల్ 'మిస్టర్ మజ్ను'. తాత, తండ్రి, మనవడు! మధ్యలో 2016లో నాని వచ్చి ఓ 'మజ్ను' పట్టుకుపోయాడనుకోండి.

మీకు తెలుసా? యుద్ధంలో డాలు 'మిజన్న్'. దాని వెనక నక్కొచ్చు కదా! చీకటి పడిందనడానికీ ఇదే ధాతువు.

ఎడ్వర్డ్ లేన్ పేరు విన్నారా? అరబీ–ఇంగ్లిష్ మహానిఘంటువు కోసం 1842లో కైరో వెళ్లి కూర్చున్నాడు. 1876లో కన్నుమూసేనాటికి, అంటే 34 ఏళ్లకు, 28 అక్షరాల్లో 21వదైన 'ఖాఫ్' దాకా వచ్చాడు. మన జీమ్ అయిదోది, బతికిపోయాం!

ఇంతకన్నా పాత నిఘంటువు, ఇబ్న్ మన్జూర్ 'లిసానుల్ అరబ్'. అందులో జిన్‌ని వెతకాలంటే జీమ్ దగ్గరికి వెళ్లకూడదు, నూన్ దగ్గరికి వెళ్లాలి. మాటల్ని చివరి అక్షరంతో పేర్చాడు మహానుభావుడు. తోక పట్టుకుని ఏనుగును గుర్తుపట్టడమన్నమాట!

కడుపులో దాగిన బిడ్డ 'జనీన్'. రొమ్ములో దాగిన గుండె 'జనాన్'. ఆ గుండెకున్న దీర్ఘం తీసేయండి, 'జనన్' మిగులుతుంది. అదేంటో తెలుసా? సమాధి! గుండెకూ గోరీకీ మధ్య ఒక్క దీర్ఘమే అడ్డం. దానికి మనం తెలుగు సున్నా ఒకటి తగిలిస్తే... జననం!