రంపానికీ రంపానికీ నడుమ

ఇప్పటి పెద్ద కోత మిల్లుల్లో నిమిషానికి 150 మీటర్లు దాటిన వేగంతో నడిచే లైన్లు ఉన్నాయి. ఆ వేగంతో అయిదు మీటర్ల పైన్ దుంగ రంపాల మధ్య నుంచి దూసుకుపోవడానికి పట్టేది రెండు సెకన్లు. లారీ దిగిన దుంగ పలకలై ఆరబెట్టే గదికి చేరేదాకా, మిగతా కాలం చాలావరకు గొలుసుల మీద, రోలర్ల మీద, బెల్టుల మీదే గడుస్తుంది. అయినా మిల్లు చూసి వచ్చినవాళ్లు చెప్పేది రంపం సంగతే. దాని ముందుకు దుంగను తెచ్చి, కోసిన ముక్కను తీసుకుపోయే కన్వేయర్ ఎవరి కంటికీ ఆనదు.

మోయడం కన్వేయర్ పనిలో సగం మాత్రమే. అంతకంటే కష్టమైన సగం ఇంకొకటుంది. కుప్పగా వచ్చిన కలపను వరుసలో పెట్టాలి. ఆ వరుసలో ఏ ముక్క ఏ క్షణాన ఎక్కడుందో లెక్క తప్పకూడదు. కలప వృథా తగ్గాలన్నా, పనివాళ్ల చేతులు భద్రంగా ఉండాలన్నా ఈ రెండో సగం సరిగ్గా జరగాలి.

నీటి దారి

కలపకు తొలి వాహనం నీరు. మన్యం అడవుల్లో కొట్టిన టేకు, వెదురు తెప్పలుగా కట్టి గోదావరి మీద రాజమండ్రికి దింపేవారు. అక్కడి కలప అడితీలు, కోత మిల్లులు ఆ నది దారిని నమ్ముకునే పెరిగాయి.

అమెరికాలో ఇదే పనికి కొండల మీద చెక్క కాలువలు కట్టారు. కాలిఫోర్నియాలో మిల్‌వుడ్ నుంచి శాంగర్ దాకా 1890లో మొదలైన కింగ్స్ రివర్ కాలువ పొడవు 54 మైళ్లు, అంటే దాదాపు 87 కిలోమీటర్లు. కొండ మీది మిల్లులో ముతకగా కోసిన పలకలను నీటిలో వదిలితే, నునుపు చేసే మిల్లు ఉన్న ఊరికి అవే దిగి వచ్చేవి. వాషింగ్టన్ రాష్ట్రంలోని బ్రాటన్ కాలువ తొమ్మిది మైళ్లే అయినా 1986 దాకా పనిచేసింది.

మిల్లు పక్కన చెరువు ఉండటం కూడా ఆ కాలపు రివాజు. నీటిలో తేలే దుంగను ఒక్క మనిషి పొడవాటి కర్రతో కావలసిన వైపు తిప్పగలడు. అదే దుంగను నేల మీద ఎత్తి మోయాలంటే పదిమంది కావాలి. ముప్పై సెంటీమీటర్ల వ్యాసం, అయిదు మీటర్ల పొడవు ఉన్న పచ్చి దుంగ సుమారు 300 కిలోలు తూగుతుంది. పైన్ వంటి చెట్ల పచ్చి కలపలో, ముఖ్యంగా బెరడు కిందనున్న లేత భాగంలో, చెక్క బరువు కంటే నీటి బరువే ఎక్కువ.

చెరువు గట్టు నుంచి మిల్లు పై అంతస్తు దాకా ఏటవాలుగా ఒక తొట్టి, అందులో ఆగకుండా తిరిగే ముళ్ల గొలుసు ఉండేవి. దుంగ కొస గొలుసు ముళ్లకు తగిలితే చాలు, అది దుంగను పైకి ఈడ్చుకుపోయేది. నేటి మిల్లుల గొలుసు కన్వేయర్లు ఆ గొలుసుకు వారసులే.

గొలుసు గుణం, గొలుసు దోషం

యంత్రాల్లో గొలుసు వాడకం పెరగడానికి కారణమైనవారిలో విలియం డానా ఎవార్ట్ ఒకరు. అయోవా రాష్ట్రంలో వ్యవసాయ యంత్రాలు అమ్మే ఎవార్ట్ 1874లో ఒక కొత్త గొలుసుకు పేటెంటు తీసుకున్నారు. అందులో ఏ కడియాన్నయినా సుత్తి దెబ్బతో విడదీసి కొత్తది తగిలించవచ్చు. పంట కోత యంత్రం పొలం మధ్యలో ఆగిపోతే రైతే బాగుచేసుకోవాలన్నది ఆయన ఉద్దేశం. ఆ గొలుసు పొలం దాటి గనులకూ గిడ్డంగులకూ మిల్లులకూ పాకింది. ఒక కడియం విరిగినందుకు గొలుసంతా పారేయనక్కర్లేదన్న వీలు, దెబ్బలు తప్పని కోత మిల్లుకు బాగా అక్కరకొచ్చింది.

నేటి మిల్లులో ఏ పనికి ఏ కన్వేయర్ అన్నది కలప రూపాన్ని బట్టి ఉంటుంది. బెరడుతో, బురదతో, కణుపులతో వచ్చే దుంగకు ముళ్ల గొలుసు. చదరంగా కోసిన దిమ్మను పొడవునా నడపడానికి రోలర్లు. పలకను అడ్డంగా జరపడానికి పక్కపక్కనే సమాంతరంగా నడిచే నాలుగైదు గొలుసులు. బద్దలకూ పొట్టుకూ రబ్బరు బెల్టు. మేకులు దిగిన దుంగలను పట్టుకునే లోహ శోధక యంత్రం ఉన్నచోట మాత్రం దుంగ అయినా బెల్టు మీదికి రావాల్సిందే. ఇనుప గొలుసు మీద వస్తే ఆ యంత్రం ప్రతిసారీ గొలుసును చూసే కేకపెడుతుంది.

గొలుసుకు పుట్టుకతో ఒక దోషం ఉంది. గొలుసు పళ్ల చక్రాన్ని గుండ్రంగా చుట్టలేదు, కడియం కడియానికీ విరుగుతూ బహుభుజిలా చుట్టుకుంటుంది. గుండ్రటి చక్రానికి బదులు ఆరు మూలల చక్రం బిగించిన ఎడ్లబండిలా, మోటారు ఒకే వేగంతో తిరుగుతున్నా గొలుసు ఆగి ఆగి లాగినట్టు నడుస్తుంది. ఆరు పళ్ల చక్రమైతే పంటి పంటికీ గొలుసు వేగం 13 శాతం తగ్గి మళ్లీ పెరుగుతుంది. పన్నెండు పళ్లు పెడితే ఆ తేడా మూడున్నర శాతంలోపుకు దిగుతుంది. చక్రం పెద్దదైతే ఖర్చు, చోటు పెరుగుతాయి. అయినా పలకలు కుదురుగా నడవాల్సిన చోట ఆ ఖర్చుకు వెనకాడకూడదు.

రెండో దోషం అరుగుదల. ప్రతి కీలు దగ్గరా పిన్ను వెంట్రుకవాసి అరిగినా, ముప్పై మీటర్ల గొలుసు మొత్తానికి ఒక్క శాతం సాగితే అది ముప్పై సెంటీమీటర్లు. సమాంతరంగా నడిచే గొలుసుల్లో ఒకటి ఎక్కువ సాగితే వాటి మీది పలక ఐమూలగా తిరుగుతుంది. ఐమూలగా వచ్చిన పలకను రంపం ఐమూలగానే కోస్తుంది. అందుకే అనుభవం ఉన్న ఫిట్టర్లు అరిగిన ఒక్క గొలుసునే మార్చరు, జట్టు మొత్తాన్నీ ఒకేసారి మారుస్తారు.

కుప్ప నుంచి వరుసకు

రంపాల నుంచి బయటపడిన పలకలు అడ్డదిడ్డంగా, ఒకదాని మీద ఒకటి పడి కుప్పగా వస్తాయి. తర్వాతి యంత్రానికి ఒక్కొక్క పలకే అందాలి. ఒకప్పుడు ఈ పని మనుషులదే. కోత తర్వాత మెల్లగా కదిలే గొలుసు పక్కన వరుసగా నిలబడి, తడి పలకను లాగి, సైజును బట్టి, నాణ్యతను బట్టి దొంతి పెట్టేవారు. కెనడా, అమెరికా మిల్లుల్లో కొత్తగా చేరినవాణ్ణి తరచూ ముందు అక్కడే నిలబెట్టేవారు. నడుము విరిగే చాకిరీ అది.

ఆ కుప్ప చిక్కును విప్పే యంత్రం ఎంత సరళంగా ఉంటుందో చూడండి. కుప్ప అడుగు నుంచి బాగా ఏటవాలుగా పైకెక్కే గొలుసులు ఉంటాయి. వాటికి లగ్గులనే ఇనుప బొడిపెలు. ఒక్క పలక మందానికి మించి ఆనుకోవడానికి వీల్లేనంత పొట్టివి. లగ్గు ఒక పలకను పట్టుకుని పైకి తెస్తుంది. దాని మీద ఇంకొకటి ఎక్కి కూర్చుంటే, ఆపే ఆధారం లేక, ఏటవాలులో జారి తిరిగి కుప్పలో పడుతుంది. కెమెరా లేదు, కంప్యూటరు లేదు. వాలు ఎంతుండాలి, బొడిపె ఎత్తు ఎంతుండాలి అన్న రెండు లెక్కలు కుదిరితే మిగిలిన పని భూమ్యాకర్షణ చేసిపెడుతుంది.

పైకి చేరిన పలకలను ఇంకో అమరిక లగ్గుకొకటి చొప్పున వదులుతుంది. కొంచెం ఏటవాలుగా అమర్చిన రోలర్లు పలకలన్నిటినీ ఒక పక్కకు నెట్టి కొసలు సమం చేస్తాయి. లగ్గుకూ లగ్గుకూ అరవై సెంటీమీటర్ల దూరం ఉండి నిమిషానికి 120 పలకలు పోవాలంటే గొలుసు సెకనుకు 1.2 మీటర్లు నడవాలి. పలకకు దక్కేది అర సెకను. వెనకటికి కొద్ది క్షణాల్లోనే మనిషి పలకను తిప్పి చూసి, కణుపులూ పగుళ్లూ కనిపెట్టి గుర్తు వేసేవాడు. ఇప్పుడు ఆ పని కెమెరాలకూ లేజర్లకూ పోతోంది.

ఆ తర్వాత పొడవు సరిచేసే రంపాలు, ఆపైన వరుసగా డజన్ల కొద్దీ గూళ్లు. ప్రతి పలకా తనకు కేటాయించిన గూడు రాగానే కిందికి జారుతుంది. గూడు నిండుతున్న కొద్దీ దాని అడుగు కిందికి దిగుతుంది. పలక ఎత్తు నుంచి పడి చిట్లకూడదు కదా. గూడు నిండాక అందులోని పలకలను వరుస వరుసకూ నడుమ సన్నని పుల్లలు పేర్చి దొంతి చేస్తారు. ఆరబెట్టే గదిలో వేడిగాలి ఆ సందుల్లోంచి దూరి తేమను లాగేస్తుంది.

చూసేది ఒకచోట, కోసేది మరోచోట

బెరడు తీసిన దుంగ లేజర్ కిరణాల చట్రం గుండా వెళుతుంది. దాని వంపు, కొస సన్నబడే తీరు, లావు అన్నీ అక్కడ కొలతకు వస్తాయి. ఆ దుంగను ఎంత తిప్పి, ఏ కొలతల్లో కోస్తే ఎక్కువ విలువైన పలకలు వస్తాయో కంప్యూటరు అది రంపాన్ని చేరేలోగా తేల్చేస్తుంది. ఆ లెక్క దుంగ లేజర్ల కింద ఎలా ఉందో రంపం దగ్గరా అలాగే ఉంటుందని నమ్మి వేసింది. మధ్యలో దుంగ రవ్వంత దొర్లినా లెక్కంతా తప్పు. తడి దుంగ జారుతుంది. చలిదేశాల్లో మంచు పట్టిన దుంగ మరీ జారుతుంది. అందుకే ఆ కొద్ది మీటర్ల దూరం దుంగను మొనదేలిన ముళ్ల గొలుసు మీద కూర్చోబెట్టి, పై నుంచి రోలర్లతో అదిమిపట్టి నడుపుతారు.

దుంగ ఎక్కడిదాకా వచ్చిందో గడియారాన్ని బట్టి చెప్పడం ప్రమాదం. సెకనుకు రెండున్నర మీటర్లు నడిచే దుంగ విషయంలో సెకనులో నూరో వంతు తేడా వస్తే 25 మిల్లీమీటర్లు తప్పినట్టే. బరువైన దుంగ పడి గొలుసు ఒక్క క్షణం మందగించినా గడియారం లెక్క చెడుతుంది. అందుకని గొలుసును తిప్పే ఇరుసుకు ఎన్‌కోడర్ అనే పరికరం బిగిస్తారు. ఇరుసు కాస్త కదిలినప్పుడల్లా అది ఒక విద్యుత్ సంకేతం పంపుతుంది. కంప్యూటరు సెకన్లను వదిలి ఆ సంకేతాలను లెక్కపెడుతుంది. గొలుసు నెమ్మదించినా, ఆగి మళ్లీ కదిలినా దుంగ స్థానం తప్పదు. అంత ఖరీదైన లేజర్లు కొలిచి చెప్పినదాన్ని రంపందాకా చెడకుండా తెచ్చేది ఈ గొలుసూ ఈ ఇరుసూ. గొలుసు వదులైన మిల్లులో ఎంత మంచి స్కానర్ పెట్టినా డబ్బు దండగ.

కింది అంతస్తు

కోత మిల్లులో దుంగలో దాదాపు సగమే పలకలుగా బయటికి వస్తుంది. మిగతాది బెరడు, బద్దలు, పొట్టు. అంటే మిల్లు పై అంతస్తు ఎంత కలపను నడుపుతుందో, కింది అంతస్తు ఇంచుమించు అంతే శేషాన్ని మోస్తుంది. అక్కడ వెలుగు తక్కువ, పొడి ఎక్కువ, వెళ్లి చూసేవాళ్లు ఇంకా తక్కువ.

కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో ఆ అలక్ష్యానికి ప్రాణాలు పోయాయి. 2012 జనవరి 20 రాత్రి బర్న్స్ లేక్ దగ్గరి మిల్లు, అదే ఏడాది ఏప్రిల్ 23 రాత్రి ప్రిన్స్ జార్జ్‌లోని మరో మిల్లు పేలిపోయాయి. రెండు చోట్లా ఇద్దరేసి కార్మికులు చనిపోయారు, మొత్తం నలభైమందికి పైగా గాయపడ్డారు. పురుగు తిని నిలువునా ఎండిన పైన్ చెట్లను ఆ ప్రాంతపు మిల్లులు అప్పుడు విస్తారంగా కోస్తున్నాయి. ఎండు కలప పొట్టు పచ్చి కలప పొట్టు కంటే సన్నం, తేలిక, పొడి. గాలిలోకి లేచిన ఆ పొడికి నిప్పు ముడితే మంట క్షణంలో భవనమంతా పాకుతుంది. కన్వేయర్లను తిప్పే యంత్ర భాగాల దగ్గర రాపిడితో పుట్టిన వేడే ఆ నిప్పు అని దర్యాప్తులు తేల్చాయి.

అలాంటి వేడి బెల్టు కన్వేయర్ దగ్గరా పుట్టవచ్చు. బెల్టు లాగుడంతా దాన్ని తిప్పే డ్రమ్ముకూ రబ్బరుకూ నడుమ ఉన్న రాపిడి మీద ఆధారపడుతుంది. రాపిడి గుణకం 0.3 ఉండి, బెల్టు డ్రమ్మును సరిగ్గా సగం చుట్టితే, బిగువు వైపు లాగుడు వదులు వైపు లాగుడుకు రెండున్నర రెట్ల దాకా పెరగగలదు. పక్కన చిన్న రోలర్ పెట్టి ఆ చుట్టును 210 డిగ్రీలకు పెంచితే మూడు రెట్లవుతుంది. డ్రమ్ము మీద పొట్టు పేరుకుంటే గుణకం పడిపోతుంది. బెల్టు నిలబడి డ్రమ్ము తిరుగుతూ రబ్బరును కాలుస్తుంది. అవతలి కొసన ఉన్న డ్రమ్ము తిరుగుతోందో లేదో కనిపెట్టి మోటారును ఆపేసే చిన్న స్విచ్చి ఈ ప్రమాదాన్ని ఆపగలదు. దానికంటే ముందు కావలసింది చీపురు పట్టే మనిషి. పొట్టు ఊడ్చేవాళ్లకు ఇచ్చే కూలిని ఖర్చు కింద రాసుకునే మిల్లు ప్రమాదానికి తలుపు తీసినట్టే.

సన్నని దుంగల లెక్క

ఇదంతా విదేశాల గొడవ కాదు. తెలుగు నేల మీద కలప పంట మారిపోయింది. అడవి టేకు స్థానంలో రైతు పొలంలో పెరిగే సుబాబుల్, జామాయిల్, సరుగుడు వచ్చాయి. రాజమహేంద్రవరం, సారపాక, కాగజ్‌నగర్ కాగితం మిల్లులకు ముడిసరుకు ఇలాంటి కలపే. అక్కడ కర్రను ముక్కలు చేసి, జల్లెడ పట్టి, ఉడికించే పాత్రలకు పంపుతారు. పెద్ద ముక్క ఉడకదు, మరీ పొడి అయినది కరిగి నష్టమవుతుంది. ముక్కల ప్రవాహం ఎంత నిలకడగా ఉంటే గుజ్జు నాణ్యత అంత నిలకడగా ఉంటుంది.

ఈ పంట కర్ర సన్నం. ముప్పై సెంటీమీటర్ల లావు, మూడు మీటర్ల పొడవు ఉన్న దుంగలైతే ఘనమీటరు కలపకు అయిదు కూడా అక్కర్లేదు. లావు పది సెంటీమీటర్లే అయితే అంతే కలపకు 42 కర్రలు కావాలి. లావు మూడో వంతుకు తగ్గితే కర్రల సంఖ్య తొమ్మిది రెట్లవుతుంది. రంపానికి ఇది పెద్ద బాధ కాదు. ఎత్తే, తిప్పే, వరుసలో పెట్టే చేతులకే తొమ్మిది రెట్లు పని. కలప సన్నబడే కొద్దీ మిల్లు లాభనష్టాలు రంపం నుంచి కన్వేయర్ మీదికి జరుగుతాయి.

మన ఊళ్లలోని చిన్న కోత మిల్లుకు లేజర్లు అక్కర్లేదు. బ్యాండ్‌సా వెనక పలకను అందుకునే రోలర్ల బల్ల, బెల్టూ చక్రం కలిసే చోట జాలీ మూత, లాగగానే యంత్రం ఆగిపోయే తాడు, రోజూ ఊడ్చే పొట్టు. దానికి ముందుగా కావలసినవి ఇవే. కొత్త మిల్లు పెట్టేవాళ్లు ముందు రంపం కొని, మిగిలిన డబ్బుతో మిగతావి అమర్చుకుంటారు. ఆ వరుస తిరగేయాలి. దుంగ ఎక్కడ దిగాలి, ఏ దారిన నడవాలి, మనిషి ఎక్కడ నిలబడాలి అన్నవి ముందు గీసుకుని, ఆ దారి మీద రంపానికి చోటు చూడాలి.