పాత వాచీల బేరం: సొమ్ము ముందా, సరుకు ముందా?

కీ ఇచ్చే పాత చేతి వాచీలకు సేకరణదారులలో గిరాకీ ఉన్నది. ఒకనాడు పెళ్లికొడుకు చేతికి పెట్టిన హెచ్.ఎం.టి. జనతా, పైలట్ రకాలు, పదవీ విరమణ సభలలో కానుకగా ఇచ్చిన ఫేవర్ లూబా, రోమర్ వంటి స్విస్ వాచీలు ఇప్పుడు ఇంటి బీరువాల నుంచి బయటకు వచ్చి చేతులు మారుతున్నాయి. జపాన్‌కు చెందిన సీకో సహకారంతో హైదరాబాద్ ఆల్విన్ తయారుచేసిన వాచీలను అడిగేవారు కూడా ఉన్నారు.

హెచ్.ఎం.టి. సంస్థ జపాన్ సిటిజన్ కంపెనీ సహకారంతో 1961లో బెంగుళూరులో వాచీల తయారీ ప్రారంభించింది. హెచ్.ఎం.టి. వాచెస్‌ను మూసివేయాలని కేంద్ర మంత్రివర్గం 2016 జనవరిలో నిర్ణయించింది. నాటి సరుకు ఇక పెరిగేది కాదు. సరఫరా పరిమితమై, గిరాకీ ఉన్నచోట కల్తీ ప్రవేశించడం ఏ బజారులోనైనా ఉన్నదే.

అయితే ఈ బజారుకు యార్డు లేదు, ధరల పట్టిక లేదు, గ్రేడు వేసే అధికారి లేడు. గుంటూరులో మిర్చి కొనేవారు బస్తా విప్పి చూస్తారు. మధ్యన కమీషను ఏజెంటు ఉంటాడు. బంగారానికి గీటురాయి ఉన్నది, హాల్‌మార్క్ ఉన్నది. పాత వాచీని మాత్రం విశాఖలోని ఒక ఉద్యోగి పుణేలోని మరో ఉద్యోగికి ఫోటో చూపి అమ్ముతాడు. ఇద్దరూ వర్తకులు కారు, ఒకరినొకరు ఎరుగరు. సొమ్ము ముందు పంపాలా, సరుకు ముందు పంపాలా అన్న దగ్గరే బేరం ఆగిపోతున్నది.

నకిలీ వల్ల మేలు సరుకుకు దెబ్బ

దేశంలో ఎక్కువగా కనిపించే చిక్కు రంగు వేసిన డయలు. పాత మెషీనుకు కొత్తగా అచ్చువేసిన డయలు, ఎక్కడిదో ఒక కేసు, మరెక్కడివో ముళ్లు తగిలించి, ఫ్యాక్టరీ నుంచి వచ్చినదిగా చెప్పి అమ్ముతారు. వాచీ నడుస్తుంది. కానీ సేకరణదారుడు ధర కట్టేది నడకకు కాదు, అసలుదనానికి.

దీని ఫలితం లెక్కవేస్తే తెలుస్తుంది. ఉదాహరణకు అసలు వాచీ విలువ 6,000 రూపాయలు, అతుకుల వాచీ విలువ 1,500 అనుకుందాం. రెండూ బజారులో సగం సగం ఉన్నాయనీ, ఏది ఏదో కొనేవాడికి తెలియదనీ అనుకుంటే అతడు సగటున 3,750కి మించి ఇవ్వడు. ఆ ధరకు అసలు వాచీ ఉన్నవాడు అమ్మడు, తిరిగి బీరువాలో పెట్టుకుంటాడు. మిగిలేవి అతుకుల వాచీలే. చివరకు ధర 1,500కు దిగుతుంది. అమెరికా ఆర్థికవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో పాత కార్ల బజారు ఉదాహరణతో వివరించిన సూత్రం ఇదే. 2001లో ఆయనకు మరి ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి లభించింది. అమ్మేవాడికి తెలిసినది కొనేవాడికి తెలియకపోతే మోసగాడికంటే ముందు నిజాయితీపరుడే బజారు వదిలిపోతాడని దీని సారాంశం.

జెనీవా అనుభవం

పెద్ద వేలాలలో ఈ భయం ఉండదనుకోవడానికి వీలులేదు. 2021 నవంబరులో జెనీవాలో ఫిలిప్స్ సంస్థ జరిపిన వేలంలో 1957 నాటి ఒమేగా స్పీడ్‌మాస్టర్ ఒకటి 31 లక్షల స్విస్ ఫ్రాంకులకు పైగా పలికింది. కొన్నది ఆ వాచీని తయారుచేసిన ఒమేగా కంపెనీయే, తన మ్యూజియం కోసం. అది వేర్వేరు వాచీల భాగాలు కూర్చి తయారుచేసినదని 2023లో కంపెనీయే ప్రకటించింది. ఇందులో తమ మాజీ ఉద్యోగుల ప్రమేయం ఉన్నదని కూడా తెలిపింది. తయారీదారు రికార్డులే చేతిలో ఉన్నవారికి ఈ గతి పట్టినప్పుడు, ఫోటో చూసి కొనేవారు ఎంత జాగ్రత్తగా ఉండాలో వేరే చెప్పనక్కరలేదు.

చూపవలసినవి, చూడవలసినవి

నమ్మకం కలగాలంటే ముందుగా అమ్మేవాడు దాచకుండా చూపాలి. డయలు దగ్గరి ఫోటో, వెనుక మూత విప్పిన మెషీను ఫోటో, మూత లోపలి ముద్రలు, కీ, పక్కల అరుగుదల, ఇవన్నీ అడగకముందే పంపేవారికి ధర మెరుగ్గా పలికే అవకాశం ఉన్నది. ఏ భాగం మార్చారో, చివరిసారి ఎప్పుడు విప్పి శుభ్రం చేశారో రాసి ఇవ్వాలి. రంగు వేసిన డయలును ఆ మాట చెప్పి అమ్మడం తప్పు కాదు. చెప్పకుండా అమ్మడమే తప్పు.

కొనేవాడు అచ్చు అక్షరాలు పరిశీలించాలి. అలుక్కుపోయిన అంచులు, వంకర వరుస అనుమానానికి తావిస్తాయి. చీకటిలో వెలిగే పూత కూడా సాక్ష్యమే. అడుగున ఆంగ్ల 'టి' అక్షరం ఉన్న స్విస్ డయలుపై ట్రిటియం పూత ఉంటుంది. దాని సత్తువ సుమారు 12 సంవత్సరాలకు సగమవుతుంది. నలభై ఏళ్లనాటి ఆ డయలు ఇప్పుడు దేదీప్యంగా వెలిగితే పూత తరువాత వేసినదే.

సొమ్ము చేతులు మారేదెలా?

ఒకే ఊరివారైతే ఇద్దరికీ తెలిసిన వాచీ రిపేరు దుకాణంలో కలవడం అన్నిటికంటె మేలు. మూత అక్కడే విప్పించి, నడక కొలిచే యంత్రంపై పెట్టి చూసి, సొమ్ము అక్కడే చెల్లించవచ్చు. దూరపు బేరాలకు ఇరువురూ నమ్మిన మూడవ వ్యక్తి వద్ద సొమ్ము ఉంచి, సరుకు అంది పరీక్షించిన తరువాత విడుదల చేసే పద్ధతి ఉన్నది. ఆ మూడవ వ్యక్తిని ఒకే పక్షంవారు ఎంచితే మాత్రం ప్రమాదమే. అటువంటివారు దొరకనప్పుడు కొద్ది మొత్తం బయానా ఇచ్చి, మిగిలినది సరుకు చూశాక చెల్లించే ఒప్పందం చేసుకోవచ్చు.

నష్టభయం కొనేవాడికి మాత్రమే కాదు. నచ్చలేదని తిప్పి పంపేవాడు మంచి మెషీను తీసి వేరొకటి పెట్టి పంపవచ్చు. అందుచేత పంపే ముందు మెషీనుపై ఉన్న నంబర్లు, గీతలు ఫోటో తీసి ఇరువురూ ఉంచుకోవడం, పార్సెల్ కట్టేటప్పుడు, విప్పేటప్పుడు వీడియో తీయడం శ్రేయస్కరం. వాపసు గడువు ఎన్ని రోజులో, రవాణా ఖర్చు ఎవరిదో, దారిలో పోతే నష్టం ఎవరిదో ముందే తేల్చుకోవాలి.

చట్టం ఏమంటుంది?

1930 నాటి సరుకుల విక్రయ చట్టం 15వ సెక్షన్ ప్రకారం వర్ణన చెప్పి అమ్మిన సరుకు ఆ వర్ణనకు సరిపోవాలి. కనుక 'డయలు అసలుది' అని రాసి ఇచ్చిన ఒక్క వాక్యం గంటసేపు చెప్పిన మాటలకంటె గట్టిది. నాణ్యత విషయంలో మాత్రం అదే చట్టం 16వ సెక్షన్ ప్రధానంగా కొనేవాడినే జాగ్రత్తపడమంటుంది. దొంగసొత్తు మరొక ప్రమాదం. తనకు లేని హక్కును అమ్మినవాడు సాధారణంగా కొన్నవాడికి ఇవ్వలేడని 27వ సెక్షన్ చెబుతుంది. ఎంత సొమ్ము పోసినా, అసలు యజమాని వస్తే వాచీ పోయినట్లే. పాత బిల్లు, గ్యారంటీ కార్డు, అమ్మేవాడి గుర్తింపు, ఎవరి నుంచి వచ్చిందన్న వివరం అడిగి తీసుకోవడం ఇందుకే. అడిగినందుకు కోపగించుకునేవాడితో బేరం మానుకోవడం ఉత్తమం.

ఎంత రాసుకున్నా ఆరు వేల వాచీకోసం వేరే రాష్ట్రంలో దావా వేసేవారు అరుదు. అంతిమంగా ఈ బజారును నిలబెట్టేది పేరే. తేడా వచ్చినప్పుడు వాదించకుండా వాచీ తిరిగి తీసుకుని సొమ్ము పంపినవాడికి ఆ ఒక్క బేరంలో నష్టం రావచ్చు. కానీ తరువాతి పది బేరాలలో కొనేవారు అతడికి సొమ్ము ముందుగానే పంపుతారు. పరపతి మీద వ్యాపారం చేసే మన వర్తకులకు ఇది కొత్త సంగతి కాదు. కొత్తగా వాచీలు అమ్ముతున్న ఉద్యోగులు, గృహస్థులు ఈ పద్ధతి ఎంత త్వరగా అలవరచుకుంటే, బీరువాలలో ఆగిపోయిన మేలు సరుకు అంత త్వరగా బజారుకు వస్తుంది.