రాత్రి బస చేసే వాహనాలు: బహిరంగ స్థలాలలో పాటించవలసిన మర్యాదలు – న్యూజిలాండ్ అనుభవం

వంట, నిద్ర, మరుగుదొడ్డి సౌకర్యాలన్నీ తనలోనే ఇముడ్చుకున్న ప్రయాణ వాహనాన్ని పాశ్చాత్య దేశాలలో మోటార్ హోమ్ అని, మన దేశంలో కారవాన్ అని వ్యవహరిస్తున్నారు. తెలుగువారికి ఈ మాట షూటింగ్ స్థలాలలో సినీ తారలు విశ్రమించే వాహనంగానే ఎక్కువ పరిచయం. అయితే 2021లో కేరళ ప్రభుత్వం కారవాన్ పర్యాటక విధానాన్ని ప్రకటించిన తరువాత దేశంలో ఈ తరహా పర్యాటకంపై ఆసక్తి పెరిగింది. దానితోపాటే ఇటువంటి వాహనం రాత్రివేళ ఎక్కడ ఆగాలి, ఆగినచోట అందులోని వారు ఎలా మెలగాలి అన్న ప్రశ్న కూడా పరిపాలనా యంత్రాంగం ముందుకు వస్తున్నది. సముద్ర తీరం, చెరువు గట్టు, ఆలయ పరిసరాలు, రహదారి పక్కనున్న ఖాళీ జాగా ఏ ఒక్కరి సొత్తూ కావు. పగటిపూట అందరూ వాడుకొనే స్థలాన్ని రాత్రికి ఒక కుటుంబం పడకగదిగా మార్చుకొన్నప్పుడు తలెత్తే చిక్కులను న్యూజిలాండ్ 2011 నుంచి చట్టరీత్యా ఎదుర్కొంటున్నది. ఆ దేశ అనుభవం ఇక్కడి అధికారులకు, పాత్రికేయులకు ఉపయోగపడగలదు.

ముందుగా ఒక తేడాను గుర్తించవలసి ఉన్నది. వాహనాన్ని నిలపడం వేరు, విడిది చేయడం వేరు. ఈ తేడాను అతి తక్కువ మాటలలో చెప్పిన చట్టం బహుశా ఇటలీదే. 1992 నాటి ఆ దేశ రహదారి నియమావళిలోని 185వ అధికరణం ప్రకారం చక్రాలు తప్ప వాహనానికి చెందిన మరేదీ నేలను తాకకుండా, ఇంజను నుంచి వెలువడేవి మినహా ఎటువంటి వ్యర్థ ద్రవాన్నీ బయటకు వదలకుండా, తన పరిమాణానికి మించి రహదారి స్థలాన్ని ఆక్రమించకుండా ఉన్నంతవరకు కారవాన్‌ను నిలపడం విడిదిగా పరిగణింపబడదు. లోపల ఎవరు నిద్రిస్తున్నారన్నది చట్టానికి పట్టదు. కుర్చీలు బయట వేసినా, పందిరి గుడ్డ చాచినా, వాహనం ఒరగకుండా జాకీలు దించినా అది విడిది అవుతుంది. ఒక కానిస్టేబుల్ టార్చిలైటుతో చూసి నిర్ణయించగలిగినంత సులువైన కొలమానం ఇది.

న్యూజిలాండ్ మరొక మార్గాన్ని ఎంచుకొన్నది. రగ్బీ ప్రపంచ కప్ పోటీలకు ఆ దేశం ఆతిథ్యమిచ్చిన 2011లోనే, పోటీల ప్రారంభానికి కొద్దిరోజుల ముందు, ఫ్రీడమ్ క్యాంపింగ్ చట్టం అమలులోకి వచ్చింది. స్థానిక సంస్థల అధీనంలోని భూములలో రుసుము చెల్లించకుండా రాత్రి బస చేయడం సాధారణంగా అనుమతించబడినదేనని, నిషేధం మినహాయింపు మాత్రమేనని ఈ చట్టం స్థిరీకరించింది. ఒక స్థలంలో బసను పరిమితం చేయదలచిన స్థానిక సంస్థ మూడు కారణాలలో ఒకటైనా చూపవలసి ఉంటుంది: ఆ స్థలాన్ని కాపాడడం, అక్కడికి వచ్చేవారి ఆరోగ్యాన్ని, భద్రతను కాపాడడం, ఆ స్థలానికి వెళ్ళే దారిని కాపాడడం. విధించే ఆంక్ష సమస్యకు తగిన మోతాదులో ఉండాలి. తన పరిధిలోని స్థలాలన్నింటిలో ఒకేసారి నిషేధం విధించే అధికారం ఏ స్థానిక సంస్థకూ లేదు. క్వీన్స్‌టౌన్ ప్రాంతపు కౌన్సిల్ 2021లో చేసిన ఉపనియమాలను, చట్టం పేర్కొనని అంశాలను పరిగణనలోకి తీసుకొన్నారన్న కారణంగా హైకోర్టు 2024లో కొట్టివేయడం గమనార్హం.

ఆ చట్టంలోని మరొక నిబంధన పాత్రికేయుల దృష్టికి అంతగా రాలేదు. అలసటతో వాహనం నడపడం ప్రమాదకరమని భావించిన డ్రైవరు రోడ్డు పక్కన ఆపి నిద్రపోవడం ఫ్రీడమ్ క్యాంపింగ్ నిర్వచనం కిందికే రాదు. రాత్రి బసను నియంత్రించే ఏ ప్రభుత్వమైనా ముందుగా రాసుకోవలసిన వాక్యం ఇదే. నిద్రమత్తులో ఉన్న డ్రైవరును జరిమానా భయంతో తిరిగి రోడ్డు మీదికి పంపే నియమం వల్ల మేలు కన్నా కీడే ఎక్కువ.

ఇంత ఉదారమైన చట్టం ఉన్నా ఫిర్యాదులు తగ్గలేదు. కారణం వాహనాల సంఖ్య ఒక్కటే కాదు. మూడు రోజులపాటు తమ నీటిని, మురుగును, చెత్తను తమలోనే నిలుపుకోగల వాహనాలకు 2001 నాటి జాతీయ ప్రమాణం ప్రకారం ధ్రువపత్రం, నీలి రంగు స్టిక్కరు ఇచ్చేవారు. మనిషికి రోజుకు నాలుగు లీటర్ల చొప్పున మంచినీరు, వాడిన నీటిని పట్టే తొట్టె, మూత ఉన్న చెత్తబుట్ట, మరుగుదొడ్డి ఉండాలన్నది ఆ ప్రమాణం. ఆచరణలో జరిగినది వేరు. చిన్న వ్యాన్లలో మంచం కింద ఒక ఎత్తుడు మరుగుదొడ్డిని దాచి ధ్రువపత్రం పొందేవారు. పడక పరిచిన తరువాత దానిని వాడే వీలే ఉండేది కాదు, సమీపంలోని పొదలే దిక్కయ్యేవి. పడక పరిచి ఉన్నప్పుడు సైతం మరుగుదొడ్డి వాడుకొనే వీలుండాలని 2017లో ప్రమాణాన్ని సవరించారు. అదీ చాలక 2023 జూన్‌లో కొత్త చట్టం తెచ్చి, మరుగుదొడ్డి వాహనానికి స్థిరంగా బిగించి ఉండాలన్నారు. ఆకుపచ్చ స్టిక్కరును ప్రవేశపెట్టి, దాని నియంత్రణను ప్లంబర్ల వృత్తికి సంబంధించిన చట్టబద్ధ మండలికి అప్పగించారు. అంతకు ముందు 200 డాలర్లుగా ఉన్న జరిమానా, ఉల్లంఘన స్వభావాన్ని బట్టి 800 డాలర్ల వరకు పెరిగింది. వ్యక్తిగత వాహనాలు కొత్త ప్రమాణానికి మారేందుకు ఇచ్చిన గడువును 2026 జూన్ 7 వరకు పొడిగించవలసి వచ్చింది.

కొందరు మర్యాద తప్పినందుకు అందరూ తమ వాహనాలకు కొత్త మరుగుదొడ్లు బిగించుకోవలసి వచ్చిందన్నమాట. ఏళ్ళ తరబడి ఏ తీరాన్నీ పాడుచేయని వృద్ధ దంపతులకూ ఆ ఖర్చు తప్పలేదు. ఇల్లు లేక వాహనంలోనే కాపురముంటున్న నిరుపేదలు పర్యాటకుల కోసం చేసిన నియమాల కింద జరిమానాల పాలు కాకుండా 2023 చట్టంలో ప్రత్యేక మినహాయింపు చేర్చవలసి వచ్చింది. తాత్కాలిక వీసాపై వచ్చిన సందర్శకులకు ఈ మినహాయింపు వర్తించదు.

చట్టం వరకు రాకుండా చూడగలిగే మర్యాదలు ఏమిటన్నది ఇప్పుడు పరిశీలించవచ్చు. అన్నింటికన్నా ముఖ్యమైనది నీరు. గిన్నెలు కడిగిన నీరు, స్నానపు నీరు హాని లేనివన్న అపోహతో చాలామంది వాహనం అడుగున ఉన్న కుళాయి తిప్పి నేల మీదికి వదిలివేస్తుంటారు. అందులోని నూనె, సబ్బు, మెతుకులు మట్టిలో నిలిచి ఈగలను, ఎలుకలను ఆకర్షిస్తాయి. ఒక్క వాహనం వదిలిన దానిని నేల పీల్చుకోవచ్చు. ప్రతి రాత్రీ పది వాహనాలు వదిలితే వారం తిరిగేసరికి ఆ చోటు దుర్వాసనకు నిలయమవుతుంది. మరుగుదొడ్డి తొట్టె విషయం ఇంకా తీవ్రమైనది. దుర్గంధం రాకుండా అందులో వాడే రసాయనాలలో కొన్ని సూక్ష్మజీవులను చంపుతాయి. గ్రామాలలోని సెప్టిక్ ట్యాంకు పనిచేసేది ఆ సూక్ష్మజీవుల వల్లనే. కనుక దారిలో కనబడిన సులభ్ కాంప్లెక్సులోనో, పాఠశాల మరుగుదొడ్డిలోనో తొట్టె ఖాళీ చేయడం సబబు కాదు. ఈ పనికై కేటాయించిన కేంద్రాలు న్యూజిలాండ్‌లో చిన్న పట్టణాలలో సైతం ఉన్నాయి. అవి లేనిచోట మర్యాదను గురించి ఎంత చెప్పినా ఫలితం స్వల్పమే.

నీటిని నింపుకోవడంలోనూ విచక్షణ అవసరం. వంద లీటర్ల తొట్టెను వేసవిలో వీధి కుళాయి వద్ద నింపుకొనే పర్యాటకుడికి తన వెనుక బిందెలతో నిలబడినవారు కనబడాలి.

తరువాతది స్థలం. పడవలను నీటిలోకి దించే వాలు, పశువులు నీటికి దిగే రేవు, పొలానికి వెళ్ళే బండిదారి, అగ్నిమాపక వాహనం తిరిగే మలుపు వంటివి రాత్రిపూట నిర్మానుష్యంగా కనిపిస్తాయి. తెల్లవారుజామున నాలుగు గంటలకు వేటకు బయలుదేరే మత్స్యకారుడికి అదే పని వేళ. అందువలన చీకటి పడిన తరువాత తెలియని చోట ఆగడం కన్నా, వెలుగుండగానే చేరుకొని సమీపంలోని వారిని అడిగి ఆగడం ఉత్తమం. ఇళ్ళ ఎదుట, కిటికీలకు ఎదురుగా నిలపరాదు. ఒక రాత్రి, మహా అయితే రెండు రాత్రులు గడిపి కదలిపోవాలి. న్యూజిలాండ్ కౌన్సిళ్ళలో పలుచోట్ల ఉపనియమాలు ఈ పరిమితినే విధించాయి.

శబ్దం గురించి చెప్పుకొనేటప్పుడు పాటలు, కేకలే గుర్తుకు వస్తాయి. నిద్రపోతున్న వీధిని లేపేందుకు వ్యాన్ జరుపుడు తలుపు రాత్రి పదిసార్లు తీసి వేయడం కూడా చాలు. జనరేటరు విషయంలో ఇది మర్యాదకు మించినది. 2024 డిసెంబరులో కేరళలోని వడకర వద్ద రోడ్డు పక్కన నిలిపి ఉన్న కారవాన్‌లో ఇద్దరు వ్యక్తులు మరణించి కనిపించారు. జనరేటరు నుంచి వెలువడిన కార్బన్ మోనాక్సైడ్ వాయువు వాహనంలోకి చేరడమే కారణమని పరిశీలనలో వెల్లడైంది. ఈ వాయువుకు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారికి అపాయం తెలిసే అవకాశమే లేదు. రాత్రి జనరేటరు ఆపవలసిందిగా కోరే పొరుగువారు తమ నిద్రనే కాక, లోపలివారి ప్రాణాలను కూడా కాపాడుతున్నట్లే.

మన రాష్ట్రాలలో కారవాన్‌ల సంఖ్య స్వల్పమే అయినా, వాహనంలోనే రాత్రి గడిపే ప్రజలు తక్కువ కాదు. మేడారం జాతరకు ఎడ్లబండ్లపై తరలివచ్చి అడవిలో విడిది చేసిన కుటుంబాల వారసులు నేడు ట్రాక్టర్లలో, వ్యాన్లలో వస్తున్నారు. లంబసింగి మంచును, వంజంగి కొండలపై మేఘాల నడుమ సూర్యోదయాన్ని చూడవచ్చే వారు అర్ధరాత్రి దాటాక చేరుకొని వాహనాలలోనే తెల్లవారేదాకా వేచి ఉంటున్నారు. వారు వదిలివెళ్ళే ప్లాస్టిక్‌ను మోయవలసినది గిరిజన గ్రామాలే. తీర్థయాత్ర బస్సులలోని వారు రోడ్డు పక్కన పొయ్యి పెట్టి వండుకోవడం అందరికీ తెలిసినదే. కనుక పైన పేర్కొన్న మర్యాదలు ఖరీదైన వాహనాలకే పరిమితమైనవి కావు.

మన దేశంలో రాత్రి బసను నేరుగా నిర్వచించే జాతీయ చట్టం న్యూజిలాండ్ తరహాలో లేకపోయినా, వర్తించే నిబంధనలు ఉన్నాయి. మోటారు వాహనాల చట్టం, 1988లోని 122వ సెక్షన్ ఇతరులకు ప్రమాదం, అడ్డంకి కలిగే రీతిలో బహిరంగ స్థలంలో వాహనాన్ని వదలడాన్ని నిషేధిస్తున్నది. పది గంటలు లేదా అంతకు మించి ఎవరూ లేకుండా వదలివేసిన వాహనాన్ని తొలగించేందుకు 127వ సెక్షన్ పోలీసులకు అధికారం కల్పించింది. అందులో మనుషులు నిద్రిస్తున్నప్పుడు ఈ సెక్షన్‌ను ప్రయోగించడం సబబు కాదని గ్రహించాలి. శబ్ద కాలుష్య నియంత్రణ నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 గంటల నుంచి ఉదయం 6 గంటల వరకు నివాస ప్రాంతాలలో పరిమితి 45 డెసిబెళ్ళు. కలుషిత పదార్థాలను వాగులలోకి, బావులలోకి వదలడం 1974 నాటి జల కాలుష్య నివారణ చట్టం కింద నిషిద్ధం.

స్థానిక సంస్థలు ఒక స్థలంలో రాత్రి బసకు అనుమతించదలచినా, నిరాకరించదలచినా బోర్డు పెట్టడంతోనే పని ముగియదు. "పార్కింగ్ నిషేధం" అన్న రెండు మాటల వల్ల ఆగదలచినవాడు కిలోమీటరు దూరం వెళ్ళి, ఏ సౌకర్యమూ లేని మరోచోట ఆగుతాడు. ఎన్ని వాహనాలకు, ఎన్ని రాత్రులకు అనుమతి ఉన్నదో, మురుగు తొట్టెను ఎక్కడ ఖాళీ చేయాలో, చెత్త ఎక్కడ వేయాలో, అనుమతి లేనిపక్షంలో సమీపంలోని ప్రత్యామ్నాయ స్థలం ఏదో తెలుగులోనూ, పర్యాటకులకు అర్థమయ్యే మరో భాషలోనూ బోర్డుపై రాయించాలి. గ్రామ పంచాయతీతో, మత్స్యకార సంఘంతో లేదా ఆలయ అధికారులతో ముందుగా మాట్లాడి స్థలాన్ని నిర్ణయించాలి. ఫిర్యాదులు వచ్చినపుడు వాటిని నీరు, చెత్త, శబ్దం, దారి అడ్డగింత అనే తరగతులుగా నమోదు చేసుకొంటే ఆంక్ష ఏ కారణంతో, ఏ స్థలానికి, ఏ వేళలలో అవసరమో తేలికగా తెలుస్తుంది. పాత్రికేయులు సైతం "కారవాన్‌లపై నిషేధం" అని రాసే ముందు ఆ ఉత్తర్వు ఏ స్థలానికి, ఎంత కాలానికి వర్తిస్తున్నదో, అలసిన డ్రైవర్లకు మినహాయింపు ఉన్నదో లేదో చూసుకోవలసి ఉంటుంది.