సెకండ్ హ్యాండ్ మస్టాంగ్ కొనేముందు

రెండు డోర్ల స్పోర్ట్స్ కూపే అనగానే జంటనగరాల కుర్రాళ్ళకు ముందు గుర్తొచ్చేది ఫోర్డ్ మస్టాంగ్. అమెరికాలో 1964 నుంచీ అమ్ముతున్న ఈ బండి, కుడివైపు స్టీరింగ్‌తో మన షోరూములకు వచ్చింది మాత్రం 2016లో. అప్పటి ధర 65 లక్షలు. 2020లో బీఎస్6 వచ్చాక అమ్మకం ఆగింది. ఇప్పుడు ఆ బండి కావాలంటే సెకండ్ హ్యాండే దిక్కు.

ప్రకటనలో మొదట కనిపించేవి అంకెలు: 5 లీటర్ల వీ8 ఇంజిన్, 401 పీఎస్ పవర్, 515 ఎన్ఎం టార్క్. సైకిలు పెడల్ మీద కాలు వేసే బలం టార్క్ అనుకుంటే, నిమిషానికి ఎన్నిసార్లు తొక్కుతున్నామన్నది ఆర్‌పీఎం. ఆ రెండింటి గుణకారమే పవర్. మస్టాంగ్‌లో పూర్తి టార్క్ 4,250 ఆర్‌పీఎం దగ్గర వస్తుంది. లెక్కకడితే అక్కడ పవర్ 310 పీఎస్ చిల్లర. 401 అందాలంటే ఇంజిన్‌ను 6,500 దాకా తిప్పాలి. మారేడ్‌పల్లి నుంచి ప్యారడైజ్ వెళ్ళే ట్రాఫిక్‌లో అంత తిప్పే అవకాశమే రాదు. ఔటర్ రింగ్ రోడ్డు మీదైనా వేగ పరిమితి 120. పవర్ అంకె చూసి ధర ఎక్కువ పెట్టడం నాకు సబబనిపించదు.

నన్నడిగితే ముందు చూడాల్సింది గ్రౌండ్ క్లియరెన్స్. మస్టాంగ్‌కు అది సుమారు 137 మిల్లీమీటర్లు, అంటే జానెడు కూడా లేదు. నిబంధనల ప్రకారం కట్టిన స్పీడ్ బ్రేకర్ ఎత్తు 10 సెంటీమీటర్లు, వెడల్పు 3.7 మీటర్లు. బండి ముందు, వెనక చక్రాల మధ్య దూరం 2.72 మీటర్లే కాబట్టి నాలుగు చక్రాలూ దాని మీదికి ఎక్కేస్తాయి, పొట్ట తగలదు. కాలనీ గల్లీల్లో ఎవరికివారు పోసుకున్న దిమ్మెలు అలా ఉండవు. సన్నగా, నిటారుగా ఉంటాయి. ముందు చక్రాలు దిగిపోయాక దిమ్మె సరిగ్గా పొట్ట కిందికి వస్తుంది. వెనక ఇద్దరు కూర్చుంటే బండి ఇంకాస్త దిగుతుంది. అందుకే ట్రయల్‌కు నెక్లెస్ రోడ్డు కాదు, ఇంట్లోవాళ్ళను ఎక్కించుకుని మీ ఇంటి గల్లీలోకే తీసుకెళ్ళండి. ఆ తర్వాత గ్యారేజీలో లిఫ్ట్ మీద ఎక్కించి, ముందు బంపర్ కింది అంచు, సైలెన్సర్ గొట్టాలు గీసుకుపోయాయేమో చూడండి. మీటరు చెప్పని చరిత్ర అక్కడ దొరుకుతుంది.

పిల్లలున్నవాళ్ళు వెనక సీటు గురించి ఆలోచించాలి. ముందు సీటు మడిస్తే తప్ప అందులోకి వెళ్ళలేరు, పెద్దవాళ్ళకైతే కాళ్ళు పట్టవు. 2017 ఆరంభంలో యూరో ఎన్‌క్యాప్ పరీక్షలో యూరప్ మస్టాంగ్‌కు రెండు నక్షత్రాలే వచ్చాయి. వెనక సీట్లో కూర్చున్నవారి రక్షణలో లోపాలు బయటపడటం అందుకు ఒక కారణం. ఫోర్డ్ తర్వాత కొన్ని మార్పులు చేసి మూడుకు తెచ్చింది.

బండిని తోసేది వెనక చక్రాలు. తొలకరి చినుకులకు రోడ్డు జిడ్డుగా ఉన్నప్పుడు యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే వెనక భాగం పక్కకు జారుతుంది. తడి రోడ్డు కోసం ఇందులో వేరే డ్రైవింగ్ మోడ్ ఉంది, వాడండి. అరిగిన టైర్లతో ఏ మోడూ కాపాడదు. టైరు పక్కన నాలుగు అంకెలుంటాయి. 3219 అంటే 2019లో 32వ వారంలో తయారైనదని అర్థం. గాడులు లోతుగా ఉన్నా ఆరేడేళ్ళ టైర్లయితే మార్చాల్సిందే. ముందు టైర్లకన్నా వెనకవి వెడల్పు కాబట్టి అటువి ఇటు వేసుకోవడం కుదరదు.

ఫోర్డ్ మన దేశంలో తయారీ ఆపేస్తున్నట్టు 2021లో ప్రకటించింది. మస్టాంగ్ మొదటినుంచీ దిగుమతి బండే. కాబట్టి బేరానికి ముందే సర్వీస్ సెంటర్‌కు వెళ్ళి బ్రేక్ ప్యాడ్లు, హెడ్‌లైటు ధర ఎంతో, ఎన్నాళ్ళకు వస్తాయో అడగండి. ఆర్‌సీలో బ్యాంకు లోన్ నమోదై ఉంటే, అది తీరినట్టు బ్యాంకు ఇచ్చే కాగితం, ఫారం 35 చేతికొచ్చాకే డబ్బు కట్టండి. వేరే రాష్ట్రం నంబరైతే అక్కడి ఆర్‌టీఓ ఎన్‌ఓసీ కావాలి, తెలంగాణలో లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఆ ట్యాక్స్ ఎంతవుతుందో ముందే కనుక్కుని బేరంలో కలుపుకోండి.