మీకు తెలుసా? లింకన్ తల్లి ప్రాణం తీసింది పాలు

అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తల్లి నాన్సీ హాంక్స్ లింకన్ 1818 అక్టోబర్ 5న, 34 ఏళ్ల వయసులో, ఇండియానా అడవిలోని దుంగల ఇంట్లో కన్నుమూసింది. కెంటకీ వదిలి ఆ కుటుంబం అక్కడికి వలస వచ్చి అప్పటికి రెండేళ్లే.

కారణం పాల జబ్బు. వేసవి చివర్లో గడ్డి ఎండిపోతే, అడవిలోకి వదిలిన ఆవులు చెట్ల నీడన పెరిగే వైట్ స్నేక్‌రూట్ అనే తెల్లపూల మొక్కను మేసేవి. అందులోని ట్రెమెటాల్ అనే విషం పాలలోకి దిగేది. పాలిచ్చే ఆవు పైకి బాగానే కనిపించవచ్చు. అదే అసలు ప్రమాదం! పాలు తాగినవాళ్లకు, వెన్న తిన్నవాళ్లకు మాత్రం వాంతులు, వణుకు, చివరికి స్పృహ తప్పడం. బిడ్డలకు బలమని పోసిన పాలే ప్రాణాంతకమని ఆ తల్లులకు ఎలా తెలుస్తుంది?

అంతకు కొద్ది రోజుల ముందే, నాన్సీని పెంచిన పిన్ని, బాబాయి స్పారో దంపతులు అదే జబ్బుతో పోయారు. నాన్సీ చనిపోయేనాటికి కూతురు సారాకు 11, అబ్రహాంకు 9 ఏళ్లు. భర్త థామస్ వడ్రంగి. శవపేటిక ఆయనే చేశాడని, దాని చెక్క మేకులు చిన్నారి అబ్రహాం చెక్కాడని చెబుతారు.

ఇల్లినాయ్‌లో అన్నా బిక్స్‌బీ అనే మంత్రసాని, ఒక షానీ తెగ స్త్రీ సాయంతో 1830ల్లోనే పాల జబ్బుకు కారణమైన ఈ మొక్కను గుర్తించిందని ప్రతీతి. వైద్యలోకం పట్టించుకోలేదు. మొక్కలోని విషం సంగతి శాస్త్రవేత్తలు తేల్చింది 1928లో, నాన్సీ పోయిన 110 ఏళ్లకు.