సర్కారు దవాఖాన: కోత ఎవరి అవసరం కోసం?

నర్సాపూర్ చుట్టుపక్కల మా వాడల్లో ఆపరేషన్ సంగతి అడిగితే ఆడవాళ్ళు కత్తి గురించి చెప్పరు. ఎవరు పలకరించిన్రు, ఎంతసేపు నేల మీద కూర్చోబెట్టిన్రు, ఎప్పుడు ఇంటికి పంపిన్రు అన్నదే చెప్తరు. చదువుకున్నోళ్ళు దీన్ని సణుగుడు అనుకుంటారు. నాణ్యతకు అసలు కొలత ఇదే అంటున్నాం మేం.

2022 ఆగస్టు 25న రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నంలో ఒక్కరోజే 34 మందికి కు.ని. ఆపరేషన్లు చేశారు. నలుగురు తల్లులు చనిపోయారు. 2014 నవంబరులో ఛత్తీస్‌గఢ్‌లోని బిలాస్‌పూర్ దగ్గర శిబిరాల్లో ఈ ఆపరేషన్లు చేస్తే 13 మంది పోయారు. శిబిరాలు మూడేళ్ళలో ఆపాలని, చెక్‌లిస్టులోని విషయాలు ఆపరేషన్ చేయించుకునేవాళ్ళకు అర్థమయ్యే భాషలో విడమర్చి చెప్పాలని 2016 సెప్టెంబరు 14న సుప్రీంకోర్టు తీర్పునిచ్చింది. తీర్పు వచ్చిన ఆరేళ్ళకు ఇబ్రహీంపట్నం జరిగింది.

ఎందుకిట్లా? ఆ రోజు నడిచేది లెక్క కోసం, మనిషి కోసం కాదు. లెక్క ముందుంటే పనిముట్ల శుద్ధికి, ఒక్కొక్కరి పరీక్షకు టైము తగ్గుతుంది. మనిషి ముందుంటే ప్రశ్నలే మారుతాయి. మగవాళ్ళ ఆపరేషన్ తేలికని చెప్పారా? రాత్రికి మంచం ఉందా? జ్వరమొస్తే ఎవరికి చెప్పాలి? పోయిన కూలి ఎవరిస్తరు?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2008లో ఇచ్చిన 19 అంశాల శస్త్రచికిత్స జాబితా కూడా, మత్తు ఇవ్వకముందే రోగినే అడిగి నిర్ధారించుకోమంటుంది.

కార్యకర్తలు, విద్యార్థులు ఈ ప్రశ్నలు పట్టుకొని దవాఖానకు పోవాలి. మనోళ్ళు అక్కడికి దయ కోసం పోతలేరు, హక్కు కోసం పోతున్నరు.